ఉబ్బసానికి అడ్రస్ ముఖ్యం

జబ్బు మనిషి ఒంట్లో ఉంటుందని వైద్యశాస్త్రం ఇంతకాలం పొరబడుతూ వచ్చింది. అది ఉండేది అడ్రసులోనని బ్రిటన్ ఎప్పుడో తేల్చేసింది. నిదర్శనం కావాలంటే నైటన్ వెళ్లండి. ఊరు వేల్స్‌లో ఉంది, ఆ ఊరి రైల్వే స్టేషన్ మాత్రం ఇంగ్లండ్‌లో ఉంది. ఊళ్లో కాపురముండి అక్కడి డాక్టరుకే చూపించుకునే ఉబ్బసం మనిషికి ఇన్‌హేలర్ ఉచితం. స్టేషన్‌కి ఆవలివైపు ఉంటూ ఇంగ్లండ్ డాక్టరు దగ్గర పేరు రాయించుకున్నవాడికి అదే ఇన్‌హేలర్ 9.90 పౌండ్లు. చీటీలో మూడు మందులుంటే మూడుసార్లు 9.90. ఇద్దరూ పన్నులు కట్టేది ఒకే ఖజానాకి, ఇద్దరికీ వైద్యం చేసేది ఎన్‌హెచ్‌ఎస్ అనే పేరున్న ప్రభుత్వ ఆరోగ్య సేవే. ఉబ్బసాలే వేరు.

వేల్స్‌లో ఉంటూ ఇంగ్లండ్ డాక్టరుకు చూపించుకునేవాళ్ల సంగతేమిటని అడుగుతారు. దానికీ ఓ కార్డుంది. అది పట్టుకుని వేల్స్ మందుల షాపుకి వెళ్తే డబ్బులడగరు.

1948 జులైలో ఎన్‌హెచ్‌ఎస్ మొదలైనప్పుడు ఇవేవీ లేవు, మందులన్నీ ఉచితమే. 1951లో పళ్లసెట్లకీ కళ్లజోళ్లకీ డబ్బులు వసూలు చేయాలనేసరికి ఎన్‌హెచ్‌ఎస్ స్థాపకుడు బెవన్ మంత్రి పదవి వదిలేశాడు. వెంటనే మరో మంత్రి హెరాల్డ్ విల్సన్ కూడా. మరుసటేడు మందుల చీటీకి ఒక షిల్లింగ్ పడింది. విల్సన్ ప్రధాని అయ్యాక 1965లో దాన్ని ఎత్తేశాడు. 1968లో తనే మళ్లీ పెట్టాడు. రాజీనామా చేయడానికి ఈసారి తన పైన ఎవరూ లేరు పాపం.

మళ్లీ పెట్టేటప్పుడు కొన్ని జబ్బులకి మినహాయింపు ఇచ్చారు. నా దృష్టిలో ఆ జాబితా ఒక పురావస్తువు, మ్యూజియంలో పెట్టి టికెట్ అమ్మాలి. థైరాయిడ్ తగ్గి రోజూ మాత్ర మింగేవాళ్లకి అందులో చోటుంది. వాళ్లకి థైరాయిడ్ మాత్రే కాదు, కాలిగోటికి పూసుకునే మందూ ఉచితమే. మందులు వాడే షుగర్ రోగులకీ, మూర్ఛ ఉన్నవాళ్లకీ అంతే. ఊపిరాడని ఉబ్బసానికి మాత్రం చోటు లేదు. క్యాన్సర్ కూడా క్యూలో నిలబడి నిలబడి 2009లో లోపలికొచ్చింది. ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే పుట్టుజబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్ సంగతి మరీ విడ్డూరం. 1968లో ఆ జబ్బున్న పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా బతకడమే అరుదు, కనక పెద్దల జాబితాలో దాని అవసరం ఎవరికీ తోచలేదు. ఇప్పుడు మంచి మందులొచ్చాయి, బతుకుతున్నారు, ఆ మందులకి డబ్బులూ కడుతున్నారు. బతికి బట్టకట్టినందుకు జరిమానా అన్నమాట. ఉబ్బసం రోగులకి నాదొక ఉచిత సలహా (సలహాలకి ఇంకా రుసుము పెట్టలేదు): ఎలాగోలా థైరాయిడ్ తెచ్చుకోండి.

అధికారాలు ప్రాంతాలకి దక్కాక వేల్స్ 2007లో, ఉత్తర ఐర్లండ్ 2010లో, స్కాట్లండ్ 2011లో ఈ రుసుముని రద్దు చేశాయి. మూడూ ఏప్రిల్ ఒకటో తేదీనే. ఇంగ్లండ్‌లో రుసుము పెంచేదీ సాధారణంగా ఆ రోజే. ఏప్రిల్ ఫూల్ ఎవరో ప్రత్యేకంగా ప్రకటించనక్కర్లేదు.

ఇంగ్లండ్ పెద్దల సమాధానం కూడా వినాలి. అక్కడా పదింట దాదాపు తొమ్మిది మందులు ఉచితంగానే వెళ్తాయి: పిల్లలకి, గర్భిణులకి, 60 దాటినవాళ్లకి, బీదలకి. నిజమే. ఆ మిగిలిన ఒక్క వంతు కోసమే ఇన్ని సర్టిఫికెట్లు, ఏడాది మందులన్నిటికీ ముందే కట్టే 114.50 పౌండ్ల పాసు, తప్పు గడిలో టిక్కు పెట్టినవాడికి 100 పౌండ్ల దాకా జరిమానా. కొన్ని జెనరిక్ మాత్రల ప్యాకెట్ అసలు ఖరీదు ఈ రుసుములో పదో వంతు కూడా ఉండదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే, ఆ అల్లుడు కచ్చితంగా ఇంగ్లండ్‌లో ఉండి ఉంటాడు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికని యూకే వెళ్లే మన పిల్లలు వీసాతోపాటే ఆరోగ్య సర్‌చార్జి కింద ఏడాదికి 1,035 పౌండ్లు ముందే కట్టేస్తారు. అంత కట్టాక కూడా ఇంగ్లండ్‌లో దిగితే మందుల కౌంటర్ దగ్గర మళ్లీ పర్సు తీయాల్సిందే. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో దిగినవాడు తీయక్కర్లేదు. కాబట్టి సంబంధాలు చూసే తల్లిదండ్రులకి మనవి. అబ్బాయి యూకేలో ఉన్నాడనగానే జీతమెంత, ఇల్లు కొన్నాడా అని మొదలుపెట్టకండి. ఏ గట్టున ఉన్నాడో అడగండి. ఉబ్బసం గానీ ఉందంటే కార్డిఫ్ వాడినే ఖాయం చేసుకోండి.