బడికి పిల్లల బెడద

సర్కారు బడి ఎందుకు బాగుపడటం లేదని తలపట్టుక్కూర్చున్న పెద్దలకు ఒక మనవి. నిధుల్లేవంటారు, టీచర్లు చాలరంటారు, ఇంగ్లిషు మీడియం ముంచిందంటారు, కాదు తెలుగు మీడియమే ముంచిందంటారు. ఇవన్నీ పైపై మాటలు. మూడేళ్లుగా మా అమ్మాయిని సర్కారు బడికి పంపిస్తూ, తల్లిదండ్రుల కమిటీలో ఒక కుర్చీ సంపాదించి (నిజంగా కుర్చీయే, ఒక చెయ్యి లేదు), అందులో కూర్చుని నేను తేల్చుకున్న సంగతి వేరు. బడి పని సజావుగా సాగనివ్వకుండా అడ్డుపడుతున్నది పిల్లలు.

తొందరపడి తిట్టకండి. ఒక పొద్దుట వచ్చి చూడండి.

తొమ్మిది కాకముందే మా హెడ్మాస్టారు వేపచెట్టు కింద నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఫోను ఆకాశానికి చూపిస్తుంటారు. కొత్తగా చూసినవాళ్లు సూర్యనమస్కారం అనుకుంటారు. అది సిగ్నల్ నమస్కారం. ముఖం చూపిస్తేనే హాజరు. మా ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లకు ఈ ముఖ హాజరు 2022 ఆగస్టులో మొదలైంది. 2025 ఆగస్టుకల్లా తెలంగాణ కూడా అందుకుంది. సరే, అలా నమస్కరించగా నమస్కరించగా సిగ్నల్ దిగివచ్చి, యాప్ ఆయన ముఖాన్ని గుర్తుపట్టబోయే క్షణాన ఒకటో తరగతి బుడతడొకడు చొక్కా పట్టుకు లాగి, "సార్, వీడు నా రబ్బరు తినేశాడు" అంటాడు. మాస్టారు కిందికి చూస్తారు. ఫోనులో ముఖానికి బదులు బట్టతల పడుతుంది. మళ్లీ మొదటికి. తప్పు ఆయనదా, యాప్‌దా, రబ్బరు తిన్నవాడిదా?

ముఖం ముగిశాక పిల్లల హాజరు ఎక్కించాలి. ఆ తర్వాత భోజనం ఎందరికి, గుడ్లెన్ని, చిక్కీలెన్ని, బియ్యం ఎంత. ఒక దశలో మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లే తీసి పైకి పంపేవారు. బీఈడీలో ఈ పాఠం లేదు కాబట్టి ఏ కోణం నుంచి తీస్తే శుభ్రంగా కనిపిస్తుందో సొంతంగా నేర్చుకున్నారు, పాపం. ఇక్కడా పిల్లల వల్లే చిక్కు. మరుగుదొడ్డి కడిగించి, ఫోను తీసి, వెలుతురు సరిచూసుకునేలోపు ఎవడో ఒకడు "అర్జంటు సార్" అంటూ వేలెత్తి లోపలికి దూరేవాడు. గుడ్డు సంగతీ అంతే. ఫొటో పడేదాకా గుడ్డు ముట్టకూడదని పై అధికారికి చెబితే అర్థమవుతుంది. రెండో తరగతి వాడికి ఎలా చెప్పడం? వాడికి తెలిసిందల్లా ఆకలొక్కటే. నివేదికలంటే బొత్తిగా గౌరవం లేదు.

చదువు ఎప్పుడు చెబుతారని కొందరు అడుగుతుంటారు. వీళ్లకు చట్టం తెలియదు. 2002లో రాజ్యాంగాన్ని సవరించి చదువును ప్రాథమిక హక్కు చేశారు. దానికి చట్టం 2009లో వచ్చింది. అమలు 2010 ఏప్రిల్ 1న మొదలైంది. తేదీ చూసి ఎవరూ నవ్వాల్సిన పనిలేదు. ఆ చట్టంలో 27వ సెక్షను టీచర్లను చదువుకు సంబంధం లేని పనుల్లో పెట్టకూడదంటుంది. మూడు పనులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది: పదేళ్లకోసారి జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. చట్టం రాసినవాళ్లు ఇంత ఇరుగ్గా రాస్తే పాలించేవాళ్లు ఊపిరి తీసుకునేదెట్లా? అందుకే మనవాళ్లు ఆ మూడు కిటికీలూ కాస్త పెద్దవి చేసుకున్నారు. 2020 మేలో లాక్‌డౌన్ సడలించి మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో టీచర్లకు ఆ దుకాణాల దగ్గర డ్యూటీ వేశారు. ఇది సెక్షను ప్రకారం ఎలా చెల్లుతుందని చాదస్తపు మిత్రుడొకడు నన్ను నిలదీశాడు. నలభై రోజులు గొంతు తడవని జనం ఒక్కసారి గేటు మీద పడితే దాన్ని విపత్తు అనక ఏమంటావురా అన్నాను. నోరు మూసుకున్నాడు. పైగా జనాన్ని వరసలో నిలబెట్టి, దూరం పాటింపజేసి, అల్లరి చేసేవాణ్ని వెనక్కి పంపడం మాస్టర్లకు కొట్టినపిండి. ఆ వరసలో పాత విద్యార్థులు కనబడి నమస్కారం పెట్టారో లేదో నాకు తెలియదు గానీ, పెట్టే ఉంటారు. మర్యాద నేర్పింది వీళ్లే కదా.

పిల్లలతో ఇంకో తంటా, వాళ్లకు పేర్లు గుర్తుండవు. ఎక్కాలు మారవు కాబట్టి ఎలాగో నెట్టుకొస్తారు. పథకాలు అలా కాదు. పిల్లల్ని బడికి పంపే తల్లికి డబ్బిచ్చే పథకాన్ని అమ్మ ఒడి అని నోరు తిరిగేలోపు అది తల్లికి వందనమైంది. పుస్తకాలూ సంచీ ఇచ్చే విద్యా కానుక సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. గోరుముద్ద డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనమైంది. బడి భవనాలు బాగుచేసే నాడు–నేడు పథకం మన బడి–మన భవిష్యత్తు అయింది. సీతమ్మగారి పేరు పెట్టడాన్ని నేను తప్పుపట్టను. వచ్చినవాళ్లకు లేదనకుండా అన్నం పెట్టిన తల్లి. మా బడిలో వంటమ్మ బిల్లులు నెలల తరబడి రాకపోయినా కిరాణా కొట్టులో అప్పు తెచ్చి వండి పెడుతుంది కాబట్టి ఆ పేరు ఆమెకూ అతికినట్టు సరిపోయింది. కానీ మా అమ్మాయి ఇంటికొచ్చి "నాన్నా, ఇవాళ గోరుముద్దలో గుడ్డు పెట్టారు" అన్నప్పుడు నేను గతుక్కుమన్నాను. పిల్ల నోట గత ప్రభుత్వం మాట వినబడితే పొరుగువాళ్లు ఏమనుకుంటారు?

ఇన్ని పేర్లు మారినా మారనిది ఒకటుంది. అమ్మ ఒడి పదిహేను వేలన్నారు. మొదట వెయ్యి మరుగుదొడ్ల నిర్వహణకని పట్టుకున్నారు, 2022కు ఆ పట్టు రెండు వేలైంది, తల్లి ఖాతాలో పదమూడు వేలు పడ్డాయి. 2025 జూన్‌లో కొత్త ప్రభుత్వం కొత్త పేరుతో పదిహేను వేలంది, రెండు వేలు పట్టుకుని పదమూడు వేలు వేసింది. రాజకీయాల్లో నిలకడ లేదని వాపోయేవాళ్లు ఈ రెండు వేలను చూసి ఊరట పొందవచ్చు. ఇద్దరు ముఖ్యమంత్రులు ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం ఇంకోటి నాకు తట్టడం లేదు.

బడి రకాల దగ్గరా ఇదే అవస్థ. మా చిన్నప్పుడు చిన్నబడి, పెద్దబడి అని రెండే ఉండేవి. 2022లో 117వ నంబరు జీవో వచ్చి ఆరు చేసింది: శాటిలైట్ ఫౌండేషన్, ఫౌండేషన్, ఫౌండేషన్ ప్లస్, ప్రీ హైస్కూల్, హైస్కూల్, హైస్కూల్ ప్లస్. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలు పక్కనున్న హైస్కూలుకు నడవాలన్నారు. దూరం కిలోమీటరే కదా అన్నారు. కాగితం మీద గీత గీస్తే కిలోమీటరే. ఆ గీత మధ్యలో కాలువా, లారీలు పరుగెత్తే రోడ్డూ ఉన్నాయని చెప్పడానికి తల్లులు బడి గేటుకు తాళం వేసి కూర్చోవాల్సి వచ్చింది. 2025లో ఆ జీవో రద్దయి, మళ్లీ సర్దుబాటు, మళ్లీ కొత్త రకాలు. ఈ మధ్యకాలంలో ఎదిగిన పిల్ల, ఒకటి, రెండు తరగతులు ఒక రకం బడిలో, మూడు ఇంకో రకంలో, నాలుగు మరో రకంలో చదివి ఉండవచ్చు, అదీ ఇల్లు మారకుండా. బదిలీలు ఉద్యోగులకే ఉంటాయని ఎవరన్నారు?

అసలు కథ అపార్ దగ్గరుంది. దేశంలో ప్రతి విద్యార్థికీ పన్నెండంకెల గుర్తింపు సంఖ్య. ఆలోచన మంచిదే. దానికి ఆధార్‌లో పేరూ బడి రికార్డులో పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటి కావాలి. మన పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్లినప్పుడు ఏమవుతాయో తెలిసిందే. మా అమ్మాయి పేరులో శ్రీకి బడి రికార్డులో రెండు 'ఈ'లు పెట్టారు, ఆధార్ సెంటరు కుర్రాడు పొదుపరి, ఒకటే పెట్టాడు. ఆ రెండో 'ఈ' కోసం నేను మీసేవకు రెండుసార్లు, ఆధార్ సెంటరుకు మూడుసార్లు వెళ్లాను. జనన ధ్రువపత్రం తెమ్మన్నారు. తీరా తెస్తే అందులో శ్రీయే లేదు. పుట్టినప్పుడు ఆసుపత్రి వాళ్లు "బేబీ ఆఫ్" అని మా ఆవిడ పేరు రాసి వదిలేశారు. ప్రభుత్వం దృష్టిలో మా ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలున్నారు, ఒక కంచంలో తింటున్నారు.

ఈ తతంగమంతా టీచరమ్మే నడిపింది. నాకు ఫోను చేసి "ఏమండీ, మీ పాప ఒక్కతే పెండింగ్, మండలంలో మన బడే ఆఖరు" అని ప్రాధేయపడింది. పాప చదువెలా ఉందమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "బాగుంటుందండీ, పేరొక్కటే మ్యాచ్ కావట్లేదు" అంది.

ఇక తల్లిదండ్రుల హక్కులు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది మేమే, డబ్బు లెక్క చూసేది మేమే. 2024 ఆగస్టులో రాష్ట్రమంతటా ఎన్నికలు జరిగాయి. మా బడిలో నేనూ గెలిచాను. పోటీ లేదనుకోండి. ఆ రోజు నుంచి నా అధికారాన్ని పూర్తిగా వినియోగిస్తున్నాను. నెలకోసారి పిలుస్తారు, మినిట్స్ పుస్తకం తెరిచి ఉంటుంది, తీర్మానం రాసి ఉంటుంది, పెన్ను మూత తీసి ఉంటుంది. ఇంత సౌకర్యం నాకు ఇంట్లో కూడా లేదు. ఒకసారి, తీర్మానం చదవవచ్చా అని అడిగాను. మాస్టారు నొచ్చుకోలేదు. "చదవండి, తప్పకుండా చదవండి, ముందు సంతకం పెట్టేసి తీరిగ్గా చదవండి" అన్నారు. ఆయన్ని అనడానికేముంది, సాయంత్రంలోగా ఆ పేజీ ఫొటో ఎక్కించకపోతే ఆయనకు మెమో వస్తుంది.

వాటన్నిటినీ మించిన పండగ మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. మొదటిది 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకే రోజు జరిగింది, ముఖ్యమంత్రి బాపట్ల బడిలో కూర్చున్నారు. రెండోది 2025 జూలై 10న, గిన్నిస్ రికార్డు మీద గురిపెట్టి. మొదటిసారి తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడు లాగుడు పోటీలు పెట్టారు. బడికి తండ్రులు రావడమే గగనం, తాడంటే మాత్రం అందరం వచ్చాం. మా జట్టు గెలిచింది. చెమట తుడుచుకుని, పిల్ల లెక్కల్లో వెనకబడిందేమో కనుక్కుందామని టీచరమ్మ దగ్గరికి వెళితే ఆమె వీడియో ఎక్కిస్తోంది. గుంపులో పిల్లలెక్కడా కనబడలేదు. వాళ్లను వెనక గదిలో కూర్చోబెట్టారు, ఫ్రేములోకి వచ్చి పాడుచేస్తారని.

నాకు జ్ఞానోదయం అయింది అక్కడే.

పిల్లలు లేని బడి ఎంత హాయిగా ఉంటుందో మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. వాళ్ల పిల్లలు ఇక్కడ లేకపోవడం ఊరికే జరిగిందా? అధికారుల పిల్లలూ నాయకుల పిల్లలూ సర్కారు బడిలోనే చదవాలని అలహాబాదు హైకోర్టు 2015 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అది అమలైన దాఖలా లేదు. దాన్ని నేను ధిక్కారం అనను, త్యాగం అంటాను. బడి మీద భారం పడకూడదని సొంత పిల్లల్ని లక్షలు పోసి కార్పొరేట్ బడుల్లో పడేసుకున్నారు. ఆ దారిలో కొంతమంది టీచర్లూ నడిచారు. ఊళ్లోవాళ్లూ పసుపు బస్సు ఎక్కించి సాయపడ్డారు. ఫలితంగా రెండు రాష్ట్రాల్లోనూ ఒక్క విద్యార్థీ లేని బడులు వెలిశాయి. అక్కడ గోడలు మాయవు, కుళాయి విరగదు, గుడ్డు లెక్క తప్పదు, రబ్బరు ఎవడూ తినడు. ఫొటో తీస్తే క్యాలెండరులో వేసుకోవచ్చు.

ఈ స్థితికి మా బడిని కూడా తీసుకురావాలని పోయిన నెల కమిటీలో నేనే ఒక తీర్మానం పెట్టాను. పిల్లలందరినీ సగౌరవంగా ఇంటికి పంపి, టీచర్లను యాప్‌లకు పూర్తికాలం అంకితం చేయాలని. మాస్టారు కళ్లజోడు తీసి రెండుసార్లు చదివారు. మొట్టమొదటిసారి ఈ పుస్తకంలో ఒక తీర్మానం చదివారనుకుంటాను.

"ఆలోచన బాగుందండీ, నాకూ రెండేళ్ల సర్వీసే ఉంది" అన్నారు. "కాకపోతే ఒక చిక్కు. పిల్లలు లేకపోతే తల్లిదండ్రులుండరు. తల్లిదండ్రులు లేకపోతే కమిటీ ఉండదు. కమిటీ లేకపోతే ఈ తీర్మానం మీద సంతకాలెవరు పెడతారు?"

అందరం తలలు గోక్కున్నాం. చివరికి వంటమ్మే దారి చూపింది. కమిటీకి తరగతికి ముగ్గురు తల్లిదండ్రులు చాలు కదా, అయిదు తరగతులకు పదిహేనుమంది పిల్లల్ని ఉంచండి, వండటం నాకూ తేలిక అంది. సవరణ ఏకగ్రీవం. సంతకాలు పెట్టేశాం. ఆ పదిహేనుమంది ఎవరన్నది మాత్రం ఇంకా తేలలేదు. పొడుగువాళ్లను వెనక వరసకు తీసుకుందాం, ముందు పొట్టివాళ్లను చూడండి అన్నారు మాస్టారు, ఫోను తీసి వేపచెట్టు వైపు నడుస్తూ.