రెండో నెల మాత్ర సంగతి?

గుండెకు టెలిమెడిసిన్, అంటే ఫోనులోనో వీడియోలోనో దూరం నుంచి చేసే వైద్యం, అనగానే కర్ణాటకలో గుర్తొచ్చేది కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ పేరిట నడుస్తున్న హృదయజ్యోతి పథకం. 2021 అక్టోబర్ 29న, 46 ఏళ్లకే ఆయన కన్నుమూశాక వచ్చిందిది. తాలూకా ఆసుపత్రిలో తీసిన ఈసీజీని దూరాన ఉన్న నిపుణులు చూస్తారు. గుండెపోటని తేలితే గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు. మంచి పనే. కానీ ఇల్లు అంటుకున్నాక పోసే నీళ్లవి.

అంటుకోకముందు ఏం జరుగుతోందో బెంగళూరులో మారతహళ్లి వైపు ఒక బస్తీ క్లినిక్‌లో చూశాను. మదనపల్లె నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ ఆయన. మెట్లెక్కి వచ్చి కూర్చోగానే చొక్కా చేతి మీదనే బీపీ చూసే పట్టీ చుట్టారు. ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాడు. బీపీ 158/96. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, చేతిని బల్ల మీద ఆనించి, చొక్కా చెయ్యి పైకి తీసి చూస్తే 144/90. రెండూ ఎక్కువే. అయితే వీడియోలో కూర్చున్న డాక్టరు మోతాదు రాసేది తనకు చెప్పిన అంకెను బట్టి. కెమెరా ఎంత మంచిదైతే ఏం లాభం? ముందు పట్టీ సరిగ్గా కట్టాలి కదా.

"తలనొప్పి లేదు, తల తిరగడం లేదు, నాకు బీపీ ఏమిటి మేడం?" అన్నాడు తెలుగులో. నర్సుకు కన్నడమే వచ్చు. అటెండరు సగం అనువదించి ఊరుకున్నాడు. నిజానికి 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన డాక్టరు దేశంలో ఎక్కడి రోగినైనా చూడవచ్చు. అంతకుముందే రాసిన బీపీ మాత్రలను దూరం నుంచే కొనసాగించవచ్చు. కర్నూలులో కూర్చున్న తెలుగు డాక్టరు, బాధ ఏమీ లేకపోయినా మాత్ర ఎందుకు మానకూడదో ఆ మేస్త్రీకి పది నిమిషాల్లో విడమరచి చెప్పగలరు. ఆ ఏర్పాటు అక్కడ కనిపించలేదు.

నా లెక్కలో టెలిమెడిసిన్‌కు అసలు పరీక్ష మొదటి రోజు కాదు, ముప్పై మాత్రలూ అయిపోయిన రోజు. పని మానుకుని క్లినిక్‌కు వస్తే కూలి పోతుంది. సంక్రాంతికి ఊరెళితే మందుల చీటీ ఇక్కడే ఉండిపోతుంది. అప్పుడు ఒక్క ఫోను, దగ్గర్లో మాత్రలు దొరికే చోటు ఉంటే చాలు.

మేస్త్రీ మాత్రల షీటు జేబులో పెట్టుకుంటూ, "ఇవి అయిపోయాక?" అని అడిగాడు. వచ్చే నెల ఇక్కడికే రమ్మని నర్సు చేత్తో సైగ చేసింది.

"వచ్చే నెల మా సైటు హోసూరులో మేడం," అన్నాడు. ఆమె అప్పటికే తర్వాతి పేరు పిలిచేసింది.