డ్యూక్ గారి నెత్తి మీది కోన్ గారికి

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగర ట్రాఫిక్ కోన్ గారికి,

గుంత ఉన్న చోట నిలబడి బండ్లను పక్కకు పంపడం మీ ఉద్యోగం. మీరేమో రాయల్ ఎక్స్ఛేంజ్ స్క్వేర్‌లో వెల్లింగ్టన్ డ్యూక్ విగ్రహం నెత్తికెక్కి కూర్చున్నారు. వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన మనిషాయన. అంతకుముందు 1799లో మా నిజాం సేనను వెంటబెట్టుకుని శ్రీరంగపట్నం మీదికి వెళ్లినవాడు కూడా. 1844లో శిల్పి మారోచెట్టి ఆయనను కంచు గుర్రం మీద ఠీవిగా కూర్చోబెడితే, ఆ ఠీవి అంతా మీ నారింజ రంగు టోపీ కింద నలిగిపోయింది.

మిమ్మల్ని పెట్టడానికి ఎక్కేవాళ్లు కిందపడతారని పోలీసులు చెబుతూనే ఉన్నారు. నగరపాలకులు మిమ్మల్ని దింపిస్తూనే ఉన్నారు. తెల్లవారేసరికి మీ తమ్ముడెవరో ఎక్కి ఉంటాడు. 2013లో విసుగెత్తి, 65,000 పౌండ్లతో పీఠం ఎత్తు పెంచుదామన్నారు. పీఠం పెరిగితే శనివారం రాత్రి తాగినవాడి పట్టుదల తగ్గుతుందని ఏ ఇంజనీరు లెక్కగట్టాడో! వేల మంది సంతకాలు పెట్టి ఎదురు తిరిగారు. పథకం అటకెక్కింది, మీరు మళ్లీ నెత్తికెక్కారు.

ఈ ఊరి సంగతే అంత. నగర చిహ్నంలో ఒక పిట్ట, చెట్టు, గంట, చేప ఉంటాయి. అవన్నీ ఈ ఊరిని కాచే పుణ్యపురుషుడు సెయింట్ మంగో మహిమలకు గుర్తులు. జనం మాత్రం వాటిని ఎగరని పిట్ట, పెరగని చెట్టు, మోగని గంట, ఈదని చేప అని పాటకట్టి పాడుకుంటారు. సొంత చిహ్నాన్నే వదలనివాళ్లు ఎక్కడి నుంచో వచ్చిన డ్యూకును వదులుతారా?

మాట తీరూ మీ వంటిదే. అవునని చెప్పడానికి గోదావరి జిల్లాల వారిలాగే 'ఆయ్' అంటారు. మురిసిపోకండి, దాని పక్కన 'రైట్' చేరిందంటే 'నీ మొహం' అని అర్థం. బుస్సుమనే ఏ కూల్‌డ్రింకునైనా 'జింజర్' అంటారు, అందులో అల్లం జాడ ఉండనక్కర్లేదు. 'మెసేజ్‌ల'కని వెళ్లిన మనిషి పాలూ రొట్టే పట్టుకుని తిరిగొస్తాడు.

మీ వెనకున్న ఆధునిక కళల ప్రదర్శనశాల ఒకప్పుడు పొగాకు షావుకారు కన్నింగ్‌హామ్ మేడ. ఎక్కడో బానిసలు చెమటోడిస్తే ఇక్కడ లేచిన వైభవం అది. 2023లో వీధి గోడల చిత్రకారుడు బ్యాంక్సీ అందులో ప్రదర్శన పెట్టి, బ్రిటన్‌లో తనకు అన్నిటికంటే నచ్చిన కళాఖండం మీరేనన్నాడు. దుకాణాల వాళ్లకు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు, మీ బొమ్మ ఉన్న కార్డులు ఎప్పటి నుంచో అమ్ముకుంటున్నారు.

ఒక్క మనవి. పేరొచ్చింది కదా అని మా వైపు బదిలీ అడగకండి. మా విగ్రహాలు గజమాలలకూ పాలాభిషేకాలకూ అలవాటుపడ్డాయి, వేళాకోళం వాటికి పడదు. మీరు ఎక్కిన సాయంత్రానికే రెండు పార్టీలు ధర్నాకు కూర్చుంటాయి. ఒకటి మిమ్మల్ని దించమని, రెండోది మీకూ ఒక విగ్రహం కట్టించమని.

ఇట్లు,
మీ ఊరి వానలో తడిసిన ఒక తెలుగువాడు