సైదులుకు, సాటి ‘లు’గాళ్ల ఉత్తరం

తమ్మీ సైదులూ,

నీలో ఎంత దొరతనం దాగుందో నీకు ఎరుకేనా? అరబ్బీలో సయ్యిద్ అంటే ప్రభువు. ప్రవక్త వంశస్తులకు పెట్టే గౌరవ నామం అది. అరబ్బులు ఇప్పుడు మన ‘శ్రీ’ లెక్క వాడేదీ అదే. నల్లగొండ నోట్లో పడి సయ్యద్, సైదు అయినవ్. ఒట్టి సైదు ఏం బాగుంటదని మాకు తగిలించిన ‘లు’నే నీకూ తగిలించిన్రు. పెండ్లి పత్రిక మీద ‘శ్రీ సైదులు గారు’ అని అచ్చేస్తే నాలుగు పొరల మర్యాద. వాకిట్లకు రాంగనే మాత్రం ‘ఒరేయ్ సైదిగా!’

1099లో చచ్చిపోయిన స్పెయిన్ వీరుడు ‘ఎల్ సిడ్’ బిరుదు కూడా నీ సయ్యిదే. ఆయనకు బుర్గోస్ పట్నంల గుర్రం మీద విగ్రహం. నీకు దామరచర్ల బస్సుల సగం సీటు.

పేరు చూసి ‘మీరు ఏ మతం?’ అని అడిగేటోళ్లకు జాన్‌పాడ్ తొవ్వ చూపియ్యి. సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంల ఉంది దర్గా. పిల్లలు కావాలని అక్కడ మొక్కుతరు; కొడుకు పుడితే సైదులు, బిడ్డ పుడితే సైదమ్మ. తర్వాత కందూరు (మేకను కోసి పెట్టే విందు) చేసి మొక్కు తీరుస్తరు, జనవరిలో ఉర్సుకు (దర్గా జాతరకు) కదులుతరు. సైదిరెడ్డి, సైదయ్య, సైదానాయక్ అంతా ఆ మొక్కు రసీదులే. మహబూబ్‌నగర్ దిక్కు జాంగీర్ అనే పేరున్నోన్ని కూడా ‘ఏ మతం?’ అని ఇట్లనే అడుగుతరట. ఆయన పేరు పారశీకం: లోకాన్ని పట్టినోడు. ఉపాధి కూలి పైసలు మాత్రం పట్టుకు రావు.

అసలు లొల్లి ఇంగ్లీషుతోటి. ‘సై’కి ఏ, ఐ రాసేటోళ్లు కొందరు, ఒక్క వై రాసేటోళ్లు కొందరు. ‘దు’కు డి ఒక్కటి చాలదని కొందరు పక్కన హెచ్ నిలబెడతరు. రెండు చోట్ల రెండేసి తొవ్వలు, మొత్తం నలుగురు సైదులులు! పదో తరగతి మార్కుల మెమోల ఒకడు, ఆధార్‌ల ఒకడు, పాస్‌బుక్కుల ఇంకొకడు. చెవికి అందరూ ఒక్కడే, కంప్యూటరుకు చెవులు లేవు. అందుకే పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాసేటోళ్ల పేర్ల పట్టీ) బడి దాటకముందే ఒక్కొక్క అక్షరం సదివి సంతకం పెట్టియ్యి. మెమోల ఏది అచ్చయితే ఆధార్‌ను, పాన్‌ను, బ్యాంకును దానికే దిద్దియ్యాలె. మెమోను ఆధార్‌కు సరిచేద్దామని బయల్దేరితే చెప్పులు అరుగుతయి.

ఇంకొకటి. ‘లు’ ఉందని బహువచనం అనుకోకు. ‘సైదులు వచ్చిండు’ అనే అంటరు, ‘వచ్చిన్రు’ అనరు. మర్యాద పేరు వరకే, క్రియకు రాదు.

ఇట్లు,
రాములు, ఆంజనేయులు
(నర్సింలు సంతకం ఆధార్‌తోటి కలువలేదు)