‘స్ప్రింగు కోయండి, కారును గట్టిపరచండి’ అన్న సలహాకు ఖండన

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల కార్ల అభిమానుల వాట్సాప్ గ్రూపులలో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. పాత స్విఫ్టో ఎస్టీమో కొని, గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ పందేనికి తక్కువ ఖర్చుతో సిద్ధం చేసుకోవాలనుకునే కుర్రవాళ్లను ఉద్దేశించిన ఆ సందేశం సారాంశం ఇది: చేతిలోని డబ్బు మొదట సస్పెన్షన్ మీదే పెట్టాలి, కారు ఎంత గట్టిగా ఉంటే మలుపులో అంత పట్టు, డబ్బు లేనివాళ్లు స్ప్రింగు ఒక చుట్టు కోసి కారును దించుకోవాలి, కాస్త ఉన్నవాళ్లు చవక కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకుల జత), పాలియురేతేన్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులకు బదులు గట్టి ప్లాస్టిక్‌వి), ముందువైపు లావుపాటి యాంటీ రోల్ బార్ (కుడి, ఎడమ చక్రాలను కలిపి కారు ఒరుగుడును తగ్గించే కడ్డీ) వేయించుకోవాలి, ఫలితం చూడాలంటే ఒక తెల్లవారుజామున తిరుమల ఘాట్ దిగితే చాలు. అమెరికాలో 500 డాలర్ల కార్లు ఇలాగే గెలుస్తున్నాయన్న మాటను కూడా చివర తగిలించారు. వీటిలో కొంత నిజం లేకపోలేదు గాని, ఉన్నదున్నట్టు పాటించినవాడికి డబ్బు, కారు రెండూ దక్కవు.

ముందుగా ఆ అమెరికా సాక్ష్యం సంగతి చూద్దాం. 500 డాలర్ల కార్లంటే 2006లో మొదలైన ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’ పందేలు. అక్కడి పద్ధతిలో భద్రతా సామగ్రి, బ్రేకులు, చక్రాలు, టైర్లు ఆ 500 డాలర్ల లెక్కలోకి రావు. సస్పెన్షన్ మాత్రం వస్తుంది. పరిమితి దాటిన ప్రతి 10 డాలర్లకు ఒక ల్యాప్ (ట్రాకు చుట్టూ ఒక చుట్టు) కోత అన్నది అక్కడ పేరుపడిన నియమం. అప్పటికే 500 డాలర్లు పూర్తయిన కారుకు 1000 డాలర్ల కాయిలోవర్లు తగిలిస్తే, ఆ లెక్కన పందెం మొదలుకాకముందే 100 ల్యాపులు వెనకబడినట్టే. సందేశం రాసినవారు తమ వాదానికి తెచ్చుకున్న ఉదాహరణే ఆ వాదానికి ఎదురు తిరుగుతోంది.

ఇక అసలు విషయం, అంటే గట్టిదనమే పట్టు అన్న నమ్మకం. మలుపులో లోపలి టైర్ల మీది బరువు కొంత బయటి టైర్ల మీదికి మారుతుంది. ఎంత మారుతుందన్నది నిర్ణయించేవి నాలుగే: కారు బరువు, మలుపు తీవ్రత, గరిమనాభి (కారు బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) ఎత్తు, రెండు చక్రాల మధ్య వెడల్పు. ఈ లెక్కలో స్ప్రింగుకు చోటే లేదు. డ్రైవరుతో కలిపి 900 కిలోల కారు, 50 సెంటీమీటర్ల ఎత్తున గరిమనాభి, 145 సెంటీమీటర్ల వెడల్పు, మలుపు తీవ్రతకు కొలతగా భూమ్యాకర్షణలో 0.9 వంతు పార్శ్వ (పక్కవాటు) త్వరణం అనుకుంటే, మారే బరువు దాదాపు 280 కిలోలు. కారుకు మెత్తని స్ప్రింగు ఉన్నా, దానికి రెండింతలు గట్టి స్ప్రింగు ఉన్నా ఆ 280లో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఆ బరువులో ముందు ఇరుసు వాటా ఎంత, వెనక ఇరుసు వాటా ఎంత అన్నది మాత్రమే స్ప్రింగులు, బార్లు నిర్ణయిస్తాయి. టైరు మీద బరువు పెరిగినకొద్దీ దాని పట్టు పెరుగుతుంది గాని అదే నిష్పత్తిలో పెరగదు. అందుకే ఏ ఇరుసును గట్టిపరిస్తే ఆ ఇరుసు సాధారణంగా ముందుగా జారుతుంది.

మరి పందెపు కార్లకు గట్టి స్ప్రింగులు ఎందుకు ఉంటాయి అన్న ప్రశ్న న్యాయమైనదే. కారు ఒరిగినప్పుడు చక్రం నిలువు కోణం చెడకుండా, షాక్ అబ్జార్బర్ ప్రయాణం అయిపోయి బంప్ స్టాప్ అనే రబ్బరు అడ్డు తగలకుండా, స్టీరింగుకు కారు త్వరగా స్పందించేలా చేయడానికి అవి ఉంటాయి. అయితే దానికి తగిన షాకు తోడుండాలి. స్ప్రింగును రెండింతలు చేసి పాత షాకునే ఉంచితే, 0.3గా ఉన్న డ్యాంపింగ్ నిష్పత్తి (స్ప్రింగు ఊగిసలాటను షాకు ఎంత అణచగలదో చెప్పే కొలత) 0.21కి పడిపోతుంది. అలాంటి కారు గతుకు దాటిన తరువాత కూడా ఎగురుతూనే ఉంటుంది, ఎగిరిన ప్రతిసారీ టైరు రోడ్డు మీద తేలికపడుతుంది. లోపల కూర్చున్నవాడికి నడుము నొప్పి పుట్టించే ఆ కుదుపునే చాలామంది పట్టు అని భ్రమపడతారు.

స్ప్రింగు కోత విషయంలో ఒక నిజం ఉంది: చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. పనిచేసే చుట్లు 6 ఉన్నదాన్ని 5 చేస్తే 20 శాతం గట్టిపడుతుంది. కానీ అదే కోతతో కారు ఎంత దిగుతుందో మన చేతిలో ఉండదు. చక్రం పైకి వచ్చే ప్రయాణం తగ్గి, కారు మలుపులో బంప్ స్టాప్ మీద కూర్చుంటే, ఆ చక్రం దగ్గర గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతుంది. ముందు చక్రాలైతే స్టీరింగు తిప్పినా కారు తిన్నగా పోతుంది. పైగా స్విఫ్ట్ వంటి మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకు ఒకే నిలువు కాలుగా ఉండే) కార్లలో, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి తిరిగేంతగా దించితే, రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) గరిమనాభి కంటే వేగంగా కిందికి దిగి, కారును ఒరగదీసే మీట పొడవు పెరుగుతుంది. గరిమనాభిని 3 సెంటీమీటర్లు దించి, మారే బరువులో 17 కిలోలు మిగుల్చుకున్నామని సంతోషించేలోపు ఒరుగుడు పెరిగి, టైరు బయటి అంచు అరిగిపోతుంది. గ్యాస్ మంటతో కోసినవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. వేడి తగిలిన చోట స్ప్రింగు ఉక్కు పదును పోతుంది. జాకీ ఎత్తినప్పుడు సీటులో వదులుగా కదిలే స్ప్రింగుతో ఏ సాంకేతిక తనిఖీ అధికారీ కారును ట్రాక్ మీదికి పంపకూడదు.

చవక కాయిలోవర్ల మీద నాకు నమ్మకం తక్కువ. ఎత్తు మార్చుకునే మర, మీట తిప్పితే మారే క్లిక్కులు చూడ్డానికి బాగానే ఉంటాయి. ఎండ్యూరెన్స్ పందెంలో షాకు లోపలి నూనె గంటల తరబడి వేడెక్కుతూ పలచబడుతుంది, నాసిరకం రెండు గొట్టాల షాకులో అది గాలితో కలిసి నురగ కడుతుంది, సీళ్లు కారతాయి. రెండో గంటలో ఒక కారు, ఐదో గంటలో మరొక కారు నడుపుతున్నట్టు ఉంటే, వంతులవారీగా ఎక్కే నలుగురు డ్రైవర్లలో ఎవరికీ దాని నడత అర్థం కాదు. ఆ డబ్బుకు కంపెనీ కొలతలో ఉన్న కొత్త, మంచి గ్యాస్ షాకులు నాలుగు, దానికి తగినంత మాత్రమే గట్టి స్ప్రింగులు వేసుకోవడం మేలు.

బుష్‌ల గురించి క్లుప్తంగా. అటూ ఇటూ తిరిగే ఒకే దిశ కదలిక ఉన్నచోట, గ్రీజు పెట్టి పాలియురేతేన్ వేసుకోవచ్చు. అన్ని దిశలా మెలి తిరగవలసిన చోట అది బిగుసుకుపోయి, కనిపించని స్ప్రింగులా పనిచేస్తుంది, లేదా బ్రాకెట్టును చీలుస్తుంది. కొత్త రబ్బరు బుష్ చాలాచోట్ల సరిపోతుంది. ముందు బార్ లావు చేయడం ఇంకా ప్రమాదకరమైన సలహా: బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది గనుక 20 మిల్లీమీటర్ల బార్ 22 అయితేనే 46 శాతం పెరుగుదల. ముందు చక్రాలే లాగే కారులో, మలుపు నుంచి బయటపడేటప్పుడు లోపలి చక్రం తేలిక అయి ఉత్తినే తిరుగుతుంది. అలాంటి కార్లలో చాలావాటికి గట్టిదనం కావలసింది వెనకవైపు, అదీ కొద్దికొద్దిగా. వాన పడితే ఆ కొద్దే ఎక్కువైపోతుంది.

మొదటి ఖర్చు సస్పెన్షన్ మీదే అన్న మాటకు ఒక లెక్క చాలు. మనకు దగ్గరి ట్రాకు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో ఉంది, పొడవు 3.7 కిలోమీటర్లు. ల్యాప్ 130 సెకన్లు, పందెం 6 గంటలు అనుకుందాం. మొత్తం 166 ల్యాపులు. సస్పెన్షన్ ల్యాపుకు ఒకటిన్నర సెకను తగ్గించినా మొత్తం మిగిలేది 4 నిమిషాల చిల్లర, అంటే రెండు ల్యాపులు కూడా కావు. చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింట్ అరిగి ఊడి, పిట్‌లో (ట్రాకు పక్కని మరమ్మతు చోట) 20 నిమిషాలు పోతే తొమ్మిది ల్యాపులు పోయినట్టు. కనుక బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు, స్టీరింగు టై రాడ్ ఎండ్లు, కొత్త బోల్టులు, మంచి టైర్లు, బ్రేకు ప్యాడ్లు ముందు రావాలి. వాటి తరువాత అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సర్దుబాటు: ముందు చక్రాలకు కొంత నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) ఇవ్వడానికి క్యాంబర్ బోల్టు ఖర్చు చాలు. కాయిలోవర్ల మీద పెట్టబోయే డబ్బులో చిన్న భాగంతో వచ్చే ఈ లాభాన్ని ఆ సందేశం ప్రస్తావించనే లేదు.

ఘాట్ రోడ్డు పరీక్ష సంగతి మిగిలింది. తిరుమల మొదటి ఘాట్ దిగడానికి 40 నిమిషాలు, రెండో ఘాట్ ఎక్కడానికి 28 నిమిషాలు కనీస సమయంగా దేవస్థానం నిర్ణయించింది. ముందే చేరినవారికి జరిమానా. భక్తుల బస్సుల మధ్య ఆ నియమాన్ని మీరడం తప్పు, పాటిస్తే ఆ వేగంలో సస్పెన్షన్ గురించి తెలిసేదేమీ లేదు. మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ కూడా లారీలు తిరిగే దారులే గాని ట్రాకులు కావు. తెలుసుకోవాలంటే ట్రాక్ అద్దెకు దొరికే రోజున ఒక్కో షాకు రాడ్డుకు ప్లాస్టిక్ కేబుల్ టై బిగించి పది ల్యాపులు తిప్పి, టై ఎంతవరకు జరిగిందో చూడాలి. అప్పుడే టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు వేడి కొలవాలి. బయటి అంచు బాగా వేడిగా ఉంటే నెగటివ్ క్యాంబర్ పెంచాలి; మధ్య భాగం వేడెక్కితే గాలి తగ్గించాలి. ఈ రెండూ సరిచేసిన తరువాత కూడా టై బంప్ స్టాప్ దాకా పోతుంటే అప్పుడు గట్టి స్ప్రింగు కొనవచ్చు, రెండు సెంటీమీటర్ల ప్రయాణం ఇంకా మిగిలి ఉంటే ఉన్న స్ప్రింగునే ఉంచవచ్చు.