మామా, ఆ మెసేజ్ నాకూ వచ్చింది

ఈ వారంలో ఇది నాలుగోసారి. ముందు డిగ్రీ బ్యాచ్ గ్రూపులో, తర్వాత కాలనీ గ్రూపులో రెండుసార్లు, నిన్న మా మేనమామ పర్సనల్‌గా పంపాడు. "మదర్ థెరిసా సిస్టర్ల అసలు రూపం" అని హెడ్డింగ్, చుట్టూ ఎర్ర సైరన్ బొమ్మలు. నల్లగొండలో ఇది రాని ఫోన్ ఉన్నట్టు లేదు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

"వాళ్లంతా విదేశీయులు." మదర్ థెరిసా పెట్టిన సభ పేరు మిషనరీస్ ఆఫ్ ఛారిటీ. 2022 నుంచి దానికి అధిపతి సిస్టర్ జోసఫ్. మలయాళీ. తర్వాతది చూద్దాం.

"చీరకు పేటెంట్ తీసుకుని వ్యాపారం చేస్తున్నారు." అది పేటెంట్ కాదు, ట్రేడ్‌మార్క్. వాళ్ల తెల్లచీర నీలం అంచును ఇంకొకరు వాడుకోకుండా తీసుకున్నది. ఆ చీరలు నేసేది కలకత్తా దగ్గర టిటాగఢ్‌లో కుష్ఠు రోగులు. ఒక్కో సిస్టర్‌కు మూడు చీరలు. ఇంత లాభసాటి బట్టల వ్యాపారం మన పోచంపల్లిలో కూడా చూడలేదు.

"కేంద్రం లైసెన్స్ పీకేసింది." 2021 క్రిస్మస్ రోజున విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్‌ను తిరస్కరించిన మాట నిజం. రెండు వారాలు తిరక్కుండానే, 2022 జనవరిలో మళ్లీ ఇచ్చింది కూడా అదే కేంద్రం. మెసేజ్ సగంలోనే ఆగిపోయింది, పాపం.

"నెలకు లక్ష జీతం." వీళ్లు చేసే నాలుగో ప్రమాణమే నిరుపేదలకు ఉచితంగా సేవ చేస్తామని. ఎయిడెడ్ స్కూళ్లలో పాఠాలు చెప్పే వేరే సభల సిస్టర్లకు జీతం వస్తుంది, నిజమే. దానిమీద టీడీఎస్, అంటే జీతంలోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కట్టాల్సిందేనని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది తెలిసుంటే మెసేజ్ రాసినాయన పండగ చేసుకునేవాడు.

నాకు కడుపు మండింది ఈ పాయింట్ దగ్గర: "పిల్లల్ని అమ్ముతారు. అనాథ పిల్లలు కనిపిస్తే వీళ్లకు మాత్రం చెప్పకండి."

2018లో రాంచీలోని వాళ్ల హోమ్‌లో శిశువును అమ్మారన్న కేసులో ఒక ఉద్యోగిని, ఒక సిస్టర్ అరెస్టయ్యారు. అది దాచాల్సిన పని లేదు. కానీ దత్తతలు ఇవ్వడం ఆ సంస్థ 2015లోనే మానేసింది. ఒంటరిగా ఉన్నవాళ్లకు బిడ్డను ఇవ్వడం ఇష్టం లేక మానేసింది, అది వేరే గొడవ. పైగా ఈ రోజు ఎవరికి బిడ్డ దొరికినా 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. సిస్టర్ అయినా, సర్పంచ్ అయినా, మా మామ అయినా సరే.

అసలు శిశువుల అమ్మకం అంటే మనకు రాంచీ దాకా పోవాలా? మన నల్లగొండ జిల్లా దేవరకొండ తండాల్లో లంబాడా ఆడపిల్లల్ని దళారులు కొని దత్తత సంస్థలకు చేర్చిన సంగతి 1999లో, మళ్లీ 2001లో పేపర్ల నిండా వచ్చింది. పేదరికం పేరుతో, ఆడపిల్ల అన్న పేరుతో బిడ్డను వదులుకోవడాన్ని 2001లో ప్రభుత్వమే నిషేధించాల్సి వచ్చింది. ఆ జిల్లాలో పుట్టి, ముళ్లపొదలో బిడ్డ ఏడుస్తుంటే "వాళ్లకు చెప్పకండి" అని రాసే చెయ్యి ఎట్లా వచ్చింది? మరి ఎవరికి చెప్పాలో ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 అన్న నాలుగు అంకెలు వేయడానికి చోటు చాల్లేదు, సైరన్‌లకు మాత్రం చాలింది.

ఇక మతం మార్పిడి ఆరోపణ. ఇక్కడ మీ మాట కొంత ఒప్పుకుంటా. వాళ్ల హోమ్‌లలో చావుకు దగ్గరైనవాళ్లకు గుట్టుగా బాప్తిస్మం ఇచ్చారని ఆ సభను వదిలిపోయిన ఒక సిస్టరే రాసింది. 1994లో 'లాన్సెట్' అనే వైద్య పత్రిక ఎడిటర్ కలకత్తాలో చావుకు దగ్గరైనవాళ్ల కోసం వాళ్లు నడిపే హోమ్‌కు వెళ్లి చూసి, నొప్పికి గట్టి మందులు లేవని రాశాడు. ఆ నొప్పి విషయంలో నాకు ఇప్పటికీ వాళ్లమీద కోపమే. అడగాల్సిన ప్రశ్న అది. మీ మెసేజ్‌లో అదే లేదు.

చివరి లైను: "షేర్ చేయనివాడు హిందువే కాదు." మా అమ్మ యాభై ఏళ్లుగా పొద్దున్నే దీపం పెడుతోంది. ఆమెకు వాట్సాప్ లేదు. ఆమె సంగతేంటో కనుక్కుని చెప్పు మామా.