గింజ మొలవలేదంటే తప్పు విత్తనానిదేనా?

పత్తి సాళ్లలో మొలకలు సరిగా రాకపోతే రైతు నకిలీ విత్తనాలంటాడు, నేలలో పదును (తగినంత తేమ) లేకుండా విత్తావని డీలర్ అంటాడు. అధికారులు వచ్చి చూసేసరికి రోజులు గడిచిపోతాయి. విత్తిన రోజున గింజ పడ్డ లోతులో నేల ఎంత వేడిగా ఉందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. సగం జవాబు అక్కడే ఉంటుందని నా నమ్మకం.

సంచి మీద ఉండే మొలక శాతం ల్యాబ్ లెక్క. ధృవీకరణ ప్రమాణాల ప్రకారం వరికి కనీసం 80, సోయాబీన్‌కు 70 శాతం ఉండాలి. ఆ పరీక్షలో గింజకు సరిపడా తేమ, 20 నుంచి 30 డిగ్రీల వేడి అందుతాయి. చేలో అలా ఉండదు. తొలకరికి ముందు ఎండిన నల్లరేగడి పైపొర మధ్యాహ్నం పూట 50 డిగ్రీలు దాటవచ్చు. ఒక చిన్న జల్లుకు గింజ ఉబ్బి, వెంటనే ఎండలు ముదిరితే, బయటికి వచ్చే లోపే మొలక మాడిపోతుంది. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి విత్తమనడం తేమ కోసమే అనుకుంటాం కానీ, ఆ వాన నేలను చల్లబరుస్తుంది కూడా.

యాసంగిలో సమస్య తలకిందులవుతుంది. గింజ నీళ్లు పీల్చుకోవడానికి పెద్దగా వేడి అక్కర్లేదు, చలిలోనూ నానుతుంది. లోపలి పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పనిచేయాలంటే మాత్రం వేడి కావాలి. అది అందకపోతే నానిన గింజ అలాగే పడి ఉంటుంది, దాని నుంచి కారే చక్కెరలు శిలీంధ్రాలకు మేత అవుతాయి. వరి విషయంలో సుమారు 10 డిగ్రీల దగ్గర ఈ పని ఆగిపోతుంది. అంతకు పైన ఉన్న ప్రతి డిగ్రీ లెక్కలోకి వస్తుంది. రోజు సగటు 30 డిగ్రీలుంటే గింజకు 20 డిగ్రీలు దక్కినట్టు, సగటు 15 అయితే 5 మాత్రమే. అంటే ఒక రోజులో అయ్యే పనికి నాలుగు రోజులు పడుతుంది. ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల్లో డిసెంబరు, జనవరి నారుమళ్లు ఎదగక ఎర్రబడుతుంటే రైతు పడే టెన్షన్‌కు ఇదే మూలం.

మన రైతుకు ఈ సంగతి అనుభవంలో తెలుసు. అందుకే నానబెట్టిన వడ్లను గోనెసంచుల్లో మండె కడతాడు, అంటే మొలకెత్తేదాకా వెచ్చగా మూటకట్టి ఉంచుతాడు, చలికాలంలో ఇంకో రోజు ఎక్కువ ఉంచుతాడు. సాయంత్రం మడిలో నీళ్లు తీసేసి పొద్దున్నే కొత్త నీళ్లు పెట్టడం, రాత్రిపూట పట్టా కప్పడం కూడా వేడిని కాపాడుకునే పనులే. అదే చలిలో శనగ మాత్రం దిగులు లేకుండా మొలుస్తుంది. దానికి కావలసిన కనీస వేడి వరి కంటే చాలా తక్కువ.

ఇంత తేడా ఉన్నప్పుడు పంటవారీగా నేల వేడిని ఎందుకు చెప్పరు? వాతావరణ శాఖ వ్యవసాయ కేంద్రాల్లో 5, 10, 20 సెంటీమీటర్ల లోతులో నేల ఉష్ణోగ్రతను కొలుస్తారు. కానీ మంగళ, శుక్రవారాల్లో రైతుకు అందే సలహాలో ప్రధానంగా కనిపించేది వాన, గాలి వేడి, తేమ. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ కౌంటీలవారీగా నేల ఉష్ణోగ్రతలు ప్రకటిస్తుంది, మొక్కజొన్న రైతులు వాటిని చూసి విత్తుతారు. తెలంగాణలో రైతులు సమావేశమయ్యే రైతు వేదికలు 2,601 ఉన్నాయి. ఒక్కోదాని దగ్గర ఒక థర్మామీటరు పెట్టి, రోజూ రాసి బోర్డు మీద పెట్టడం అంత ఖరీదైన పనేమీ కాదు.

ఇలా రాసి పెడితే నకిలీ విత్తనాలు అమ్మేవాళ్లు తప్పించుకుంటారని కొందరి భయం. నేను ఒప్పుకోను. విత్తనం విషయంలో రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది, ఆ కేసులో ఉన్నది మన తెలుగు రైతులే. నష్టపరిహారం అడిగే రైతు చేతిలో విత్తిన వారం నేల వేడి, వాన లెక్క ఉంటే, ఎండ వల్లే పోయిందని కంపెనీ ఊరికే అనలేదు. అది నిజంగానే ఎండ వల్ల పోయినా, పోగుంటలు (మొలకలు రాని ఖాళీలు) నింపుకోవడానికి మళ్లీ ఎప్పుడు విత్తాలో అదే కాగితం చెబుతుంది.